పెరటాసి శనివారం నాకు సామి రాలేదు

పదేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. పొద్దున నాకంటే ముందు అదే లేచి కూర్చుంటుంది. నా పేరు మీకు అక్కర్లేదు. మీరెవరో నాకూ తెలియదు. తెలియనివాళ్లకైతేనే చెప్పగలనని ఇన్నాళ్లకు అర్థమైంది.

మాది చిత్తూరు. కోడలిగా వచ్చిన మూడో ఏట నాకు షుగరు బయటపడింది. అప్పటినుంచి రోజూ పొద్దున ఇన్సులిన్ సూది. గాజు సిరంజిని ఉడకబెట్టే గిన్నెను మా అత్త వంటింట్లోకి రానిచ్చేది కాదు. మందుసీసా చల్లగా ఉండాలని తడి ఇసుక కుండలో దాచుకునేదాన్ని. అది అంటురోగం కాదని డాక్టరు ఎంత చెప్పినా, నా పక్కన కూర్చుని అన్నం తినేది ఆ ఇంట్లో ఒక్కతే, మా ఆడబిడ్డ సరళ. నా కంచంలోంచి కూరముక్క లాక్కుని మరీ తినేది. నాకు పిల్లలు లేరు. మా ఆయన ఎప్పుడూ మామిడికాయల లారీల వెంటే. ఆ పిల్ల నాకు ఏమిటో మీరే ఊహించుకోండి.

సూది వేసుకుని తినకపోతే షుగరు పడిపోతుందని, అప్పుడు ఏం మాట్లాడతానో నాకే తెలియదని డాక్టరు ముందే హెచ్చరించాడు. కొందరికి వణుకో చెమటో ముందుగా తెలుస్తుందట. నాకు తెలియడం లేదట. బెల్లం ముక్క దగ్గర ఉంచుకోమన్నాడు. ఇంట్లో ఆ సంగతి చెప్పలేదు. షుగరు మనిషికి బెల్లమేమిటని నవ్వుతారు కదా. ఉన్న పేర్లు చాలవా, పిచ్చిదనే పేరు కూడా ఎందుకు?

ఇంకొన్నేళ్లకు సరళకు పాకాల సంబంధం వచ్చింది. అబ్బాయికి రైల్వేలో గుమాస్తా పని. చూసి వెళ్తూ వీధి మలుపులో వెనక్కి తిరిగి చూశాడని సరళ నాకొక్కదానికే చెప్పింది. చెబుతూ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. తాంబూలాలకు వారం ఉందనగా, మా వైపు వెంకన్న సామికి మొక్కే పెరటాసి నెలలో మూడో శనివారం వచ్చింది.

ఆ రోజు ఇంటిల్లిపాదీ ఉపవాసం. గోవిందా అంటూ వీధిలో అడిగి తెచ్చిన బియ్యంతో వండి, దేవుడి ముందు ఆకులో పోసి, దీపం పెట్టాకే ఎవరైనా తినాలి. నేను సూది మామూలుగానే వేసుకున్నాను. ఉపవాసమూ ఉన్నాను. రెండూ కలిపి చేయకూడదని తెలుసు. తెలిసే చేశాను. రోగిష్టిదని పక్కన కూర్చోబెడతారేమోనని రోషం. పిండి దీపాలకు బియ్యప్పిండిలో బెల్లం కలిపి పిసికింది నేనే. వేళ్లకు అంటుకున్న పిండిని కూడా కడిగేసుకున్నాను.

దీపాలు వెలిగించి అందరూ గోవిందా అంటున్నారు. నాకు గుర్తున్నది అంతవరకే. మిగతాది వాళ్లు చెప్పింది.

ఒళ్లంతా చెమటలు పట్టి ఊగిపోతున్నానట. మా అత్త నా కాళ్ల మీద పడి, "సామీ, వచ్చినావా! మా పాపను పాకాలోళ్లకు ఇయ్యొచ్చునా, సెప్పు సామీ" అని అడిగిందట. "పంపొద్దు" అన్నానట. మళ్లీ అడిగితే మళ్లీ అదే. సామికి దాహంగా ఉందని ఎవరో పానకం తాగించారట. బెల్లం నీళ్లు లోపలికి పోయిన కాసేపటికి తేరుకున్నాను. సామి శాంతించాడని అందరూ దండాలు పెట్టారు.

నాలుక మీద ఇంకా ఉన్న తీపితో నాకు మొత్తం అర్థమైంది. అప్పుడే చెప్పి ఉండొచ్చు. కానీ మా అత్త తన కొంగుతో నా ముఖం తుడుస్తోంది. నన్ను తాకడానికి ఎన్నేళ్లుగానో జంకిన మనిషి! ఈ ఒక్క పూట ఉండనీ, రేపు చెబుదాం అనుకున్నాను. రేపటికి పాకాలకు ఉత్తరం వెళ్లిపోయింది.

ఆ శనివారం సాయంత్రమే పెరట్లో మర్నాటి సూదికి సిరంజి ఉడకబెడుతుంటే సరళ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"వదినా, నిజం సెప్పు. ఆ మాట సామి సెప్పినాడా, నువ్వు సెప్పినావా?"

"నేనెందుకు సెప్తాను పాపా? సామే సెప్పినాడు."

"నీ చేతులు ఐసు మాదిరి ఉండె. నాకు బయమేసింది."

"సామి వస్తే అట్టే ఉంటాది."

ఆ పిల్ల నా ముఖంలోకి చాలాసేపు చూసింది. "సరే వదినా" అని లేచి వెళ్లింది.

మరుసటి రోజునుంచి నాకు అందరికంటే ముందు వడ్డించేవారు. పీట వేసి, విడిగా. సరళ మళ్లీ ఎప్పుడూ నా పక్కన కూర్చోలేదు. అది భక్తో కోపమో నేను అడగలేదు. రెండేళ్ల తర్వాత సూళ్లూరుపేటలో భార్య పోయినాయనకు ఇచ్చి చేశారు. వెళ్లేటప్పుడు అందరితోపాటు నా కాళ్లకూ దండం పెట్టింది. తల మాత్రం ఎత్తలేదు. అక్కడ ఎలా ఉందో నాకు తెలియదు. ఉత్తరం రాయడానికి నాకు ముఖం లేదు.

సామి మళ్లీ నా మీదికి రాలేదు. ఎలా వస్తాడు? ఆ తర్వాత ప్రతి పెరటాసి శనివారం నా కొంగు ముడిలో బెల్లం ముక్క ఉండేది.

ఇప్పుడు అత్త లేదు, మా ఆయనా లేడు. మొన్నొక మధ్యాహ్నం వంటింటి నేల మీద తెలివి వచ్చింది. చేతిలో బెల్లం డబ్బా మూత. ఎంతసేపు పడి ఉన్నానో చెప్పేవాళ్లు లేరు. ఆ నేల మీదే అనుకున్నాను, ఇది చెప్పకుండా పోకూడదని. పోయిన శనివారం ఎదురింటావిడ కూతురి సంబంధం గురించి అడగడానికి వచ్చింది. "ఆ రోజు నాకు సామి రాలేదమ్మా, షుగరు పడిపోయింది" అన్నాను. మొదటిసారి పైకి అన్నాను. ఆవిడ నవ్వి, "మీరట్టనే అంటారులే" అని నా కాళ్లకు దండం పెట్టి వెళ్లిపోయింది.

అందుకే మీకు రాస్తున్నాను. ఇంకొక్కటే మిగిలింది. ఒళ్లు తెలియని స్థితిలో మనిషి ఏదైనా అనొచ్చు కదా, నేను ఆ మాటే ఎందుకన్నాను? సామి మీద పెట్టాను, షుగరు మీద పెట్టి చూశాను. రెండిటి మీదా నిలవడం లేదు. ఒళ్లు తెలియక అన్న మాటను మన్నించవచ్చేమో. పెరట్లో సామే చెప్పాడని ఒళ్లు తెలిసే అన్నాను. సరళ పెళ్లయి పోతే నా పక్కన కూర్చుని అన్నం తినేవాళ్లు ఉండరు. పంపొద్దన్నది నేనే.