బొమ్మలకే చివాట్లు

చివాట్ల బాబాయి పుట్టి బుద్ధెరిగాక ఒక్క మనిషిని కూడా పల్లెత్తు మాట అని ఎరగడు. ఆ లోటంతా బొమ్మల మీద తీర్చుకుంటాడు.

ఆయన పనిచేసేది స్టాప్ మోషన్ స్టూడియోలో. అక్కడ జానెడు బొమ్మను వెంట్రుకవాసి కదిపి ఒక ఫొటో తీస్తారు. ఇంకో వెంట్రుకవాసి కదిపి మరో ఫొటో. పొద్దస్తమానం ఇలా తంటాలు పడితే తెర మీద ఆ బొమ్మ నాలుగడుగులు వేస్తుంది. ఈ పనికి కావలసిన ఓర్పు దేవుడు బాబాయికి దండిగానే ఇచ్చాడు గానీ, నోరు కట్టుకునే వరం ఇవ్వడం మాత్రం మరిచిపోయాడు.

లైట్లు చూసే ఆయన నిచ్చెన తగిలించి అట్టగోడ కూల్చాడంటే, ఆ గోడ పక్కన నిలబడ్డ పోలీసు బొమ్మకు మూడిందన్నమాటే.

"ఏరా, అంత పొడుగు నిచ్చెన మీదకొస్తుంటే కళ్ళప్పగించి చూస్తావా? డ్యూటీలో నిద్రా?"

కుట్టుపని చేసే అక్క రాజుగారి కోటు బిగుతుగా కుట్టిందనుకోండి, తప్పు రాజుగారిదే.

"రాజ్యం పోయినా నీ పొట్ట మాత్రం పోదు!"

యానిమేషన్ చదువుతున్న ఒక అమ్మాయి ఆ స్టూడియో చూడడానికి వచ్చిన రోజున బాబాయి ఒక బామ్మ బొమ్మతో గొడవ పడుతున్నాడు. అమ్మాయికి నవ్వొచ్చింది గానీ నవ్వే ధైర్యం లేదు. స్టూడియో నడిపే మేడమ్ గుమ్మంలోనే తేల్చి చెప్పేసింది.

"ఈ ఒక్క రోజూ చూడు. పనికొస్తావనిపిస్తే సెలవుల్లో నేర్పిస్తాం. లేదంటే ఇంతే."

ఆ "ఇంతే" అన్న మాట ఆ పిల్ల గుండెలో ముల్లులా గుచ్చుకుని ఉంది. బొమ్మల్ని చేత్తో కదిపే పని నేర్పే చోటు తనకు తెలిసినంతలో ఇదొక్కటే.

బామ్మ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంది. ఫొటో ఫొటోకీ కాస్త కాస్త కునుకులోకి జారుతోంది.

"మెడ వాల్చమంటే మొహం వేలాడేస్తావేం? నిద్రపోవడం కూడా నేనే నేర్పాలా?" అని దాన్ని కోప్పడి, బాబాయి టీకి లేచాడు. "అమ్మాయ్, ఈవిణ్ణి కాస్త చూస్తుండు."

అమ్మాయి చూసింది. బామ్మ శాలువా భుజం దిగి మోచేతి దాకా జారింది. పొద్దున్నుంచీ బాబాయి దానితో మాట్లాడుతుంటే విని విని, అది బొమ్మన్న సంగతే ఆమె మరిచిపోయింది. అయ్యో అనుకుంది. రెండు వేళ్ళతో శాలువాను మెల్లగా పైకి లాగి భుజం మీద కప్పింది.

ఆ శాలువాను రవ్వంత రవ్వంతగా అక్కడిదాకా జార్చడానికే బాబాయికి అప్పటిదాకా పట్టిందని ఆమెకు తెలియదు.

బాబాయి తిరిగొచ్చి బామ్మ కనురెప్పల మీద పడ్డాడు. రెప్పలు మూయించే హడావిడిలో శాలువా సంగతి చూసుకోనే లేదు. సాయంత్రం ఆ రోజు తీసింది చూడడానికి అందరూ తెర ముందు చేరారు. బామ్మ కునుకు తీస్తోంది. శాలువా జారింది, జారింది, ఉన్నట్టుండి టక్కున ఎగిరి భుజమెక్కింది!

"అమ్మో, దయ్యం!" అంది కుట్టుపని అక్క.

లైట్లాయన పకపకా నవ్వబోయి, వెనకనున్న మేడమ్‌ను చూసి నోరు మూసుకున్నాడు.

"ఎవరు చేశారిది?" అంది మేడమ్.

ఎవరూ చూడలేదు. ఊరుకుంటే సరిపోయేది. అమ్మాయి ఒకడుగు ముందుకేసింది.

"నేనేనండీ. చలేస్తుందేమోనని..."

"ఎవరికి?"

"బామ్మగారికి."

మేడమ్ ఏదో అనబోయేంతలో బాబాయి ఒక్క ఉదుటున లేచాడు.

"నువ్వుండమ్మాయ్, పెద్దవాళ్ళ మధ్యకి రాకు!" అని బామ్మ వైపు వేలు చూపించాడు. "ఇంత వయసొచ్చింది, సిగ్గు లేదూ? చలేస్తే నన్నడగాలి గానీ, చూడ్డానికొచ్చిన పిల్లతో సేవలు చేయించుకుంటావా? నేను గమనించకపోవడం నా తప్పు. అదీ నీవల్లే!"

అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. అక్క ఆమె చెవిలో గుసగుసగా చెప్పింది.

"నేను చేరిన రోజే రాణిగారి బొమ్మ చెయ్యి విరగ్గొట్టాను. తిట్లన్నీ రాణిగారు తిన్నారు. నాకు బాబాయి టీ ఇప్పించాడు. లేకపోతే మర్నాడు మళ్ళీ ఈ గుమ్మం తొక్కేదాన్నా?"

అప్పుడర్థమైంది అమ్మాయికి. ఆయన తిట్టవలసినవన్నీ తిడుతూనే ఉన్నాడు, ఎవరికీ నొప్పి కలగని చోట చూసి.

"మేడమ్, ఈవిడ ఎలాగూ మన మాట వినదు," అన్నాడు బాబాయి. "కునుకులోనే చెయ్యెత్తి శాలువా లాక్కోనిద్దాం. శాలువా ఎగిరే ముందునుంచి మళ్ళీ తీస్తే చాలు."

"ఎవరు కదుపుతారు?"

"కప్పిన చేతులే కదపాలి మరి."

బాబాయి ముందు శాలువాను మళ్ళీ మోచేతి దాకా దించి, రెప్పల్ని అప్పటిలా సగం తెరిచి పెట్టాడు. అమ్మాయి కూర్చుంది. భయానికి వేళ్ళు వణుకుతున్నాయి. ఆమె వణుకు బామ్మ చేతికీ ఎక్కింది. రాత్రి పొద్దుపోయాక చూస్తే, తెర మీద ముసలి చెయ్యి సన్నగా వణుకుతూ లేచింది, తడుముకుంటూ శాలువాను అందుకుంది, భుజం మీదకు లాక్కుంది.

మేడమ్ బల్ల దగ్గరికి వెళ్ళి, నడుం వంచి, బామ్మ మొహంలోకి చూసింది.

"బామ్మగారూ, మళ్ళీ చలేస్తే మొహమాటపడకండి. సెలవులన్నాళ్ళూ ఈ అమ్మాయి ఇక్కడే ఉంటుంది."

ఆవిడ బయటికి వెళ్ళేదాకా ఆగి, బాబాయి బామ్మ మీదికి వంగాడు.

"విన్నావా? తిట్లు నీకు, పని ఆ పిల్లకి. ఇదేం న్యాయమని నన్నడక్కు. పడుకో."