కవ్వంతో నడిపిన విమానం

మా అన్నయ్య పోయి నెల దాటింది. అన్నయ్య మనవరాలు మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో విమాన యుద్ధం ఆడుతుంది. ఎదుటి విమానాలు నడిపేది ఎక్కడెక్కడి మనుషులో. మొన్న పక్కన కూర్చుని చూశాను. తెర మూల ఎత్తు పెద్ద అంకెల్లో కనిపిస్తోంది. నేల దగ్గరపడితే ఒక గొంతు హెచ్చరిస్తోంది.

"ఆటలో ఇది కొత్తవాళ్ల గది మామ్మా," అంది. "ఇంకో గదిలో ఇవేవీ ఉండవు. నిజం విమానంలోలాగా అన్నీ మనమే చూసుకోవాలి. అక్కడికెళ్తే నిమిషంలో పోతాను."

"పోతే?"

"మళ్లీ మొదలుపెట్టడమే."

"మరి ఏ గదిలో ఉంటే ఆట వస్తుంది?"

నవ్వి మళ్లీ ఆటలో పడింది. నాకు ఆ ప్రశ్న కొత్తది కాదు.

డెబ్భైల మొదట్లో మేము మదీనాగూడలో, బొంబాయి రోడ్డు పక్కన కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నాన్న కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ప్రభుత్వోద్యోగి. అన్నయ్య నగరానికి అవతల వైమానిక శిక్షణలో ఉండేవాడు. ఆదివారాలు ఇంటికొచ్చేవాడు. ఒక ఆదివారం కంచం ముందు కూర్చుని అన్నం కలుపుతూనే ఉన్నాడు, తినలేదు. అప్పుడు నడుస్తున్న పాఠం, ముందు పోయే విమానాన్ని తరమడం. తరుముతూ తరుముతూ ఎత్తు చూసుకోవడం మరిచిపోతున్నాడట. వెనక సీట్లోని శిక్షకుడు తన చేతుల్లోకి తీసుకుని విమానాన్ని పైకి లేపాల్సి వస్తోందట. పై ఆదివారం మర్నాడే పరీక్ష. అందులో తప్పితే యుద్ధ విమానాలు ఇక లేవు. చిన్నప్పటి నుంచి అన్నయ్య కోరుకున్నది అదొక్కటే.

ఆ మధ్యాహ్నం సాధనకని పెరట్లో నులక మంచం అంచున కూర్చుని, విమానం నడిపే కర్రలాగా మోకాళ్ల మధ్య చల్లకవ్వం నిలబెట్టుకున్నాడు. కాళ్ల కింద పెడల్స్‌కు బదులు రెండు ఇటుకలు. నేను ఎదురుగా గరిటె పట్టుకుని తిప్పేదాన్ని. అది శత్రువు విమానం. తిప్పుతూ ఎత్తు చదివేదాన్ని. "నాలుగు వేలు. మూడు వేలు." వినగానే కవ్వం వెనక్కి లాగేవాడు.

ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన మా ఇంటి ఓనరమ్మ గోడ మీదుగా చూసింది. "ఏందమ్మా, మీ అన్న సల్ల చేస్తుండా, ఇమానం నడుపుతుండా?"

"ఇంకా వెన్న పడలేదండీ," అన్నాను.

"గట్ల గుంజితే యాడ పడుతది? జర నిమ్మళంగ తిప్పుమను."

అన్నయ్య నవ్వాడు. అది చూసి నా మనసు కుదుటపడింది.

మరుసటి ఆదివారం వచ్చి, "ఇక్కడ కుదురుతోంది, అక్కడ కుదరట్లేదు," అన్నాడు. తెల్లారితే పరీక్ష. అక్కడ ఎత్తు చదివేవాళ్లు ఎవరూ ఉండరని నాకు అప్పుడు తట్టింది. అంకెను పలక మీద రాసి అన్నయ్య మోకాలి పక్కన పెట్టాను. ఒక చేత్తో గరిటె తిప్పుతూ, రెండో చేత్తో అంకె చెరిపి తగ్గిస్తూ పోయాను. నోరు మెదపలేదు. అన్నయ్య గరిటెనే చూస్తున్నాడు. పలక మీద సున్నా వచ్చింది.

చెప్పవలసిన మాట ఒకటే. అరుగు మీద బియ్యం ఏరుతున్న అమ్మ తలెత్తింది.

"ఏమే, ఆ మాట గనక అన్నావంటే చూడు. తథాస్తు దేవతలు తిరుగుతుంటారు."

"ఆటేనమ్మా."

"ఆటకైనా అనకు. లేచాడని చెప్పు."

"లేచావు," అన్నాను.

దేవతలను నమ్మే మనిషిని కాను. అయినా అమ్మ ఆపకపోతే మాత్రం ఆ మాట నా నోటికి వచ్చేదా? ఆ మధ్యాహ్నం అన్నయ్య నేలను తాకిన ప్రతిసారీ నేనే పైకి లేపాను. మా పెరట్లో ఆ విమానం కూలడానికి వీల్లేదు. కూలని విమానంలో ఎత్తెందుకు చూసుకుంటాడు?

బస్సుకి ఇంకా టైముంది. కవ్వం, గరిటె, పలక తీసుకుని, అమ్మకు వినపడకుండా ఊరి వెనక బండల దగ్గరికి వెళ్లాం. అప్పుడు అటంతా బండలూ సీతాఫలం పొదలే. అన్నయ్య ఒక బండ మీద కూర్చున్నాడు. అంకె సున్నా అయ్యాక పలకను నేల మీద బోర్లించాను.

"నేల తగిలింది," అన్నాను.

"లేపు."

"లేపను. చచ్చిపోయావు అన్నయ్యా."

అన్నయ్య పలక తీసి మోకాలి పక్కన పెట్టుకున్నాడు. "మళ్లీ," అన్నాడు. ఈసారి కళ్లు పలక మీదికి వెళ్లాయి. గరిటె మీదికి, మళ్లీ పలక మీదికి. బస్సు వేళ దాకా ఒక్కసారీ కూలలేదు.

ఆ వారమంతా సైకిల్ గంట వినపడితే లేచి నిలబడేదాన్ని. టెలిగ్రాం తెచ్చేవాడు సైకిల్ మీదే వస్తాడు. అన్న మాటను వెనక్కి తీసుకునే దారి నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఉంటే అమ్మకు తెలియాలి. అమ్మను అడగలేను.

ఆదివారం అన్నయ్య వచ్చాడు. కాళ్లు కడుక్కుని, "యుద్ధ విమానాల నుంచి తప్పించారు. రవాణా విమానాలకు పంపుతున్నారు," అన్నాడు. ఎత్తు ఒక్కసారీ తప్పలేదట. అది చూసుకోవడంలోనే ముందు విమానాన్ని పోగొట్టుకున్నాడట.

"ఏ విమానమైతేనేంరా," అంది అమ్మ, "ఎక్కినవాడు దిగిరావాలి గానీ." కవ్వం కడుక్కుని మజ్జిగ చిలకడానికి వెళ్లిపోయింది.

అమ్మ వెళ్లాక అన్నయ్య నా వైపు చూడకుండా, "నువ్వు పలక బోర్లించావు కదా. అక్కడ నాకు అదే కనిపించింది," అన్నాడు.

ఉద్యోగమంతా ఆ రవాణా విమానాల్లోనే చేసి, ముసలితనంలో తన మంచం మీద పోయాడు. తనతో నేర్చుకుని యుద్ధ విమానాలకు వెళ్లినవాళ్లలో కొందరు ఆ రోజుల్లోనే తిరిగి రాలేదు. పలక గురించి ఆ మాట మెచ్చి అన్నాడో, నొచ్చుకుని అన్నాడో నేను ఎన్నడూ అడగలేదు. అడిగే వీలు చివరి దాకా ఉంది.

నిన్న మనవరాలు ఆటలో ఆ రెండో గదిలోకి వెళ్తానంది. తెర మీద అంకె మాయమైంది. నేల దగ్గరపడేలోగా నేను లేచి వంటింట్లోకి వెళ్లాను.