కుక్కలకు వేసిన కోళ్లు

నాకు కోళ్లంటే పడదు. ముందే చెప్పేస్తున్నాను. బొల్లారంలో మా మామగారు వదిలి వెళ్లిన అరెకరంలో నలభై నాటుకోళ్లు పెంచింది మా అత్తయ్య. స్కూల్లో పిల్లల అరుపులు చాలనట్టు ఇంటికొస్తే ఇవి. రెట్ట తొక్కకుండా గడప దాటిన రోజు లేదు. ఎనభై దాటిన ఆవిడ మాత్రం తెల్లవారుజామునే లేచి, ప్రార్థన చేసుకుని, వెలుగు రాకముందే వెళ్లి గూడు తలుపు తీసేది. కొడుకు తీస్తానన్నా ఒప్పుకునేది కాదు. "నా చెయ్యి తగిలితేనే గుడ్లు పెడతాయిరా," అనేది. గూడు పెరటి చివర, వెనక గోడ పక్కన ఉండేది. గోడ అవతల అంతా ముళ్లకంపే.

పోయిన చలికాలం ఒక పొద్దున ఆవిడ కేక విని పరుగెత్తాను. గూటి ఇనుపవల ఒక మూల చిరిగిపోయి ఉంది. వచ్చిందేదో ఒక కోడిని తిని, మూడింటిని మెడ కొరికి వదిలేసింది.

"అడవిపిల్లి," అన్నారు మావారు. ఆయనకు తెలియనిది లోకంలో ఏముంది కనక!

ఇంకో ఇంట్లో అయితే ఆ మూడూ మధ్యాహ్నానికి కూరయ్యేవి. మా ఇంట్లో కావు. మృగం చీల్చినదాన్ని మనిషి ముట్టకూడదు, కుక్కలకు వెయ్యాలి. ఇది మా అత్తయ్య గుంటూరు వైపు పుట్టింటి నుంచి, చిన్ననాటి చర్చి నుంచి తెచ్చుకున్న నియమం. పాతిపెడదామంటే, "కుక్కల నోటి కాడిది మట్టిలో కలుపుతావా అమ్మాయ్?" అంది. నాకెందుకొచ్చిన గొడవ అని ఒక్కొక్క కోడినీ కాళ్లు పట్టుకుని గోడ అవతలికి విసిరేశాను. మర్నాటికి ఈక కూడా మిగల్లేదు. వీధికుక్కలకు పండగే అనుకున్నాను.

వల బాగుచేయించాం. నాలుగు రోజులకు మళ్లీ రెండు పోయాయి. మళ్లీ విసిరాను. అలా నెల గడిచింది. చంపడం దాని పని, విసరడం నా పని.

మాకు పాలు పోసే ఆమె పక్కనే ఉంటుంది, అత్తయ్యను పెద్దమ్మ అని పిలుస్తుంది. ఆమె గేదెల కొట్టం కూడా మా గోడను ఆనుకునే. ఒక పొద్దున నేను కోడిని విసురుతుంటే చూసింది.

"ఏందమ్మా, గిట్ల చేస్తున్నరు?"

"కుక్కలకు వేస్తున్నాను."

ఆమె పాలక్యాను కింద పెట్టింది. "కుక్కలేడున్నయమ్మా? పదిహేను దినాలాయె, ఈ గల్లీల ఒక్కటి సుత మొరుగుతలేదు."

నేను చెవి పెట్టి విన్నాను. నిజమే, ఎక్కడా చప్పుడు లేదు. రోజూ తిట్టుకునే ఆ మొరుగుడు ఎప్పుడాగిపోయిందో కూడా నేను గమనించలేదు.

"గదేదో మీ తిండికి మరిగిందమ్మా. జెర బంద్ చేయుండ్రి," అంది ఆమె.

అటవీశాఖ వాళ్లకు కబురు పెడితే ఇద్దరు వచ్చారు. గోడవతల తడిమట్టిలో ఒక అడుగుజాడ కనిపించింది. వాళ్లలో పెద్దాయన దాని పక్కన తన అరచెయ్యి ఆనించి చూశాడు. "చిరుత. మీరే మేపిన్రు మేడం," అన్నాడు. బోను తెచ్చేదాకా గోడవతల ఏమీ వెయ్యొద్దు, బాగా తెల్లారేదాకా ఎవరూ పెరట్లోకి రావద్దు, ముఖ్యంగా ముసలామెను రానివ్వొద్దు అని గట్టిగా చెప్పి వెళ్లారు.

కోళ్లు పోతే పోనీ, పీడా పోతుంది. నా భయమంతా ఆవిడ కోసమే. రోజూ మసకచీకట్లో గోడకు వీపు పెట్టి, నడుం వంచి ఆ తలుపు ముందు నిలబడే మనిషి. చెవులు కూడా సరిగా వినబడవు. పెరటి తలుపుకు తాళం వేయించాను. ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. మానితే మానిందిలే, ప్రాణాలతో ఉంటే చాలు అనుకున్నాను.

బోను ఇంకా రాలేదు. తాళం వేసినా కోళ్లు తగ్గిపోతున్నాయి. వల చిరగలేదు. నెత్తుటిచుక్క లేదు. రోజుకొకటి మాయమవుతోంది.

ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే పెరటి తలుపు తీసి ఉంది. "అమ్మ ఏడ్చింది, తాళంచెవి ఇచ్చేశాను," అన్నారు మావారు దుప్పటిలోంచే. ఆ మనిషిని ఏమనాలి! కిటికీలోంచి చూశాను. అత్తయ్య ఒక పెట్టను పొట్టకు హత్తుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. తర్వాత దాన్ని బతికుండగానే గోడ అవతలికి విసిరింది. కోడి ఒక్కసారి అరిచింది. నేల మీద పడిన చప్పుడు మాత్రం వినబడలేదు.

ఎలా వెళ్లానో నాకే తెలియదు. చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కొచ్చేశాను. "మతి పోయిందా అత్తయ్యా మీకు? చస్తారు!" అని చెవి దగ్గర అరిచాను.

"అరవకే," అంది. "నువ్వు వెయ్యడం మానేసిన మర్నాడే అది గోడెక్కి కూర్చుంది. గూడు దగ్గరున్న నా వంక చూడనే లేదు. తెల్లారిందని తాళం తీసి, నువ్వు వంటింటి మెట్ల మీద పళ్లు తోముకుంటున్నావు. నీ చేతుల వంకే చూస్తోంది. ఇన్నాళ్లూ పెట్టింది నువ్వేగా."

చేతులు కొంగులో దాచుకున్నాను. "కోళ్లు అయిపోతే?" అన్నాను.

"ఇంకా ఆరున్నాయిగా. తర్వాత కూడా తలుపు నేనే తీస్తా. నువ్వు మాత్రం బయటికి రాకు."

పాతికేళ్లుగా ఉప్పుకూ కారానికీ పోట్లాడుకున్న మనుషులం. వంటింట్లో కూలబడి ఏడ్చాను.

ఆ మధ్యాహ్నమే ఆవిణ్ని, గంపలో ఆరు కోళ్లనూ ఆటో ఎక్కించి పద్మారావు నగర్‌లో మా ఆడపడుచు ఇంటికి చేరాం. వచ్చేముందు పాలామెకు, "రేపట్నుంచి పాలు వద్దు," అని చెప్పాను. వెళ్లిపోతున్నామనీ, ఇక గోడవతల ఏమీ పడదనీ చెప్పలేదు. అడిగితే చెప్పేదాన్నేమో, ఆమె అడగలేదు. అత్తయ్య ఆటోలో క్షేమంగా కూర్చుంది, నాకదే చాలనిపించింది.

మూడో రోజు పొద్దున ఫోను మోగింది. పాలామె.

"అమ్మా, మా దూడ లేదు. కొట్టంల ఉత్త తాడున్నది."

ఇంకేదో అంటుందని, తిడుతుందని ఫోను పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"పెద్దమ్మ మంచిగున్నదా?" అని అడిగింది.