పాలగిన్నెలో థర్మోస్టాట్

మొన్న అలిపిరి వైపు నడకకు వెళ్తుంటే రోడ్డు పక్కన ఒక కారు బానెట్ ఎత్తుకుని నిలబడి ఉంది. లోపలి నుంచి ఆవిరి వస్తోంది. కారు తాలూకు కుర్రవాడు ఫోనులో ఎవరితోనో కంగారుగా మాట్లాడుతున్నాడు. నేను దగ్గరికి వెళ్లి, గొంతు సవరించుకుని, "అప్పా, రేడియేటర్ మూత ఇప్పుడే తియ్యొద్దు, మొగం కాలిపోతాది. చల్లారనీ" అన్నాను. అతను నా వంక పెద్ద ఇంజనీరును చూసినట్టు చూశాడు. ఎండకు కళ్లు చిట్లించుకున్నాడేమో, ఆ సంగతి మనకెందుకు.

వేడెక్కిన ఇంజన్ల గురించి నాకు తెలియనిది లేదు. తిరుమల ఘాట్ రోడ్డులో కళ్లు మూసుకుని ప్రయాణం చేసినవాణ్ణి. కళ్లు మూసుకున్న మాట నిజమే. స్టీరింగు మాత్రం మా ఆఫీసు డ్రైవరు చేతిలో ఉండేది. ఆ మూత సంగతి కూడా నాకు మా భాయ్ చెప్పిందే. భాయ్ అంటే తిరుపతిలో మా పాత కారును మొదటి నుంచీ బాగుచేస్తూ వచ్చిన మెకానిక్.

ఆ కారును అమ్మేయమని మా అల్లుడు చాలాసార్లు చెప్పాడు. అమ్మడానికి వీల్లేకపోయింది. మా ఆవిడకు వెన్ను ఆపరేషన్ అయ్యాక బస్సులో కాసేపు కూర్చుంటే చాలు, నొప్పితో కళ్లనీళ్లు తిరిగేవి. అల్లుడి కారులో కూర్చోబెడితే గుంతలో కూలబడినట్టుందంది. మా పాత కారు ముందు సీటు మాత్రం సోఫాలా వెడల్పుగా, కాస్త ఎత్తుగా, ఆమె నడుముకు కొలత తీసి కుట్టినట్టు ఉండేది. ఆమె వెళ్లాల్సిన చోటు కూడా ఒక్కటే, చిత్తూరులో అక్క ఇల్లు. చిన్నప్పుడే తల్లి పోతే మా ఆవిడను పెంచింది ఆ అక్కే. ఆ అక్కకు, అంటే మా వదినకు, వయసు మీద పడి చెవులు వినపడకుండా పోయాయి. ఫోనులో ఎంత అరిచినా ప్రయోజనం లేదు. ఎదురుగా కూర్చున్న మనిషి పెదవులు చూస్తేనే ఆమెకు మాట అందేది. అందుకని ఆదివారం వచ్చిందంటే కారు చిత్తూరు పోవాల్సిందే. పోకపోతే అక్కాచెల్లెళ్ల మధ్య మాట ఆగిపోయినట్టే.

ఆపరేషన్ బాగా జరిగితే కారు ముందు స్వామి నామాలు పెట్టిస్తానని నేను మొక్కుకున్నాను. మామూలుగా అందరూ అరచేయంత బిళ్ల పెట్టించుకుంటారు. నేను తిరుపతిలోకెల్లా పెద్ద ఇత్తడి పలక చేయించాను. తిరుపతిలోకెల్లా కాదులెండి, మా వీధిలోకెల్లా. అటు శంఖం, ఇటు చక్రం, నడుమ నామం. కారు ముందరి జాలీ ఈ కొస నుంచి ఆ కొసకు నిండిపోయింది. ఎదురొచ్చే లారీ డ్రైవర్లందరూ దణ్ణం పెట్టేవాళ్లు. ఒకతను పెట్టాడు.

మా ఆవిడ లేచి తిరగడానికి నెలలు పట్టింది. అన్నాళ్లూ కారు ఊళ్లోనే మెల్లగా తిరిగింది. తీరా చిత్తూరుకు బయలుదేరిన మొదటి ఆదివారం, చంద్రగిరి దాటామో లేదో వేడి చూపే ముల్లు ఎర్రగీత మీదికి ఎక్కింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి తాటిచెట్టంత లేచింది. సరే, మూరెడు. చెట్టునీడన ఆపి, చల్లారాక నీళ్లు పోసి, వెనక్కి తిరిగాం. మా ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. అక్కకోసం పూర్ణం పెట్టి చేసిన ఓళిగల డబ్బాను మూత తీయకుండా ఒళ్లో పెట్టుకుని ఇంటిదాకా వచ్చింది. మరుసటి ఆదివారమూ అదే జరిగింది. బండి ఊళ్లో తిప్పితే ఏమీ ఉండదు, చిత్తూరు దారి పడితే కాగిపోతుంది.

భాయ్ ఇంటికే వచ్చి చూశాడు. రేడియేటర్ కడిగాడు, గొట్టాలు పిసికి చూశాడు, ఫ్యాన్ బెల్టు లాగి చూశాడు. దేనిలోనూ దోషం లేదు. చివరికి థర్మోస్టాట్ విప్పాడు. అది ఇంజన్ వేడెక్కగానే నోరు తెరిచి నీళ్లను రేడియేటర్‌లోకి వదిలే చిన్న మూత. "దీన్ని కాగే నీళ్లల్లో వేసి సూడల్ల సామీ. తెరుచుకుంటే మంచిది, లేకుంటే దొంగ దొరికినట్టే" అన్నాడు. నేను వంటింట్లోకి పరిగెత్తి, చేతికి అందిన గిన్నెలో నీళ్లు పెట్టి పొయ్యి వెలిగించాను.

"ఏమయ్యా, నా పాలగిన్నెలో ఏం కాగబెడతా ఉండావు?" అంటూ మా ఆవిడ గోడ పట్టుకుని వచ్చింది.

"కారు గుండెకాయ."

"బాగుండాది. రేపటి నుంచి నీ కాఫీ దాంట్లోనే."

భాయ్ నవ్వు గడ్డంలో దాచుకుని గిన్నెలోకి వంగాడు. నీళ్లు కాగుతుంటే మూత మెల్లగా నోరు తెరిచింది. "ఇదీ మంచిదే" అన్నాడు, చాలా దిగులుగా.

మా ఆవిడ స్టూలు మీద కూర్చుంది. "అయితే ఇంక నేను మా అక్కను సూసేది లేదా, భాయ్?"

భాయ్ పొయ్యి ఆర్పి, థర్మోస్టాట్‌ను గరిటెతో బయటికి తీశాడు. తర్వాత మెల్లగా, "అమ్మా, ఆపరేషన్‌కు ముందర ఈ బండి ఎప్పుడన్నా ఇట్ల కాగిందా?" అని అడిగాడు.

"ల్యా."

"అప్పుడు లేనిది ఇప్పుడు బండికి ఏముండాదో సూడండి."

ఆమె లేచి వాకిట్లోకి నడిచింది. కారు ముందు నిలబడి, పలకను ఈ కొస నుంచి ఆ కొసకు చూసింది. "ఏమయ్యా, కిటికీకి తలుపేసి ఉక్కపోస్తా ఉండాదంటే ఎట్ల? లోపలికి గాలి యాడనుంచి పోతాది?"

"అదే అమ్మా" అన్నాడు భాయ్. "ఊళ్లో మెల్లగా పోతే ఫ్యాన్ ఎట్లో లాక్కుంటాది. పెద్ద రోడ్డెక్కితే ఇంజన్‌కు పని ఎక్కువ, ఎదురుగాలి కావల్ల. మొదటి దినమే నాకు అనుమానం. మీ దేవుని పలక తీయండని నా నోట ఎట్ల చెప్పేది? ఆ మూతన్నా చెడిపోయి ఉండల్లని నేనూ మొక్కుకుంటి."

మొక్కుకుని పెట్టిందాన్ని తీయడానికి నాకు చేతులు రాలేదు. మా ఆవిడకు అలాంటి మొహమాటం లేదు. "జాలీకి అడ్డం పెట్టమని స్వామి నీకు చెప్పినాడా? ఆయన్ను పైన కూర్చోబెట్టు" అంది. భాయ్ సబ్బుతో చేతులు కడుక్కుని, ఉతికిన తువ్వాలు అడిగి తీసుకుని, "మరలు మీరు తీయండి సామీ, నేను పట్టుకుంటా" అన్నాడు. పలకను తువ్వాల్లో పొదివి పట్టుకుని, కారు పైనున్న క్యారియర్‌కు ముందువైపు తానే బిగించాడు.

మరుసటి ఆదివారం భాయ్ నీళ్ల క్యాన్‌తో సహా వెనక సీట్లో కూర్చున్నాడు. చంద్రగిరి దాటింది, ముల్లు కదల్లేదు. చిత్తూరు చేరేదాకా నేను ఊపిరి బిగబట్టే ఉన్నాను. ఇది మాత్రం అబద్ధం కాదు, మా ఆవిడను అడగండి. వదిన గేటు దగ్గరే నిలబడి, వీధంతా వినబడేలా, "ఇన్ని దినాలు యాడికి పోయినావే?" అని అరిచింది. మా ఆవిడ ఆమె ఎదురుగా కూర్చుని పెదవులు నిదానంగా కదుపుతూ జరిగిందంతా చెప్పింది. పాలగిన్నె దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ నా వంక చూసి నవ్వారు. భాయ్, క్యాన్‌లో వాడకుండా మిగిలిన నీళ్లను వదిన పెరట్లోని కరివేపాకు చెట్టుకు పోశాడు.

వదిన పోయి ఏడాది దాటింది. ఆ కారు కాగిపోయిన రోజుల్లో ఆమెకు ఇంకా ఎన్ని ఆదివారాలు మిగిలి ఉన్నాయో మాకెవరికీ తెలియదు. ఒక మంచి మనిషి మా మనసు నొప్పించకుండా ముందూ వెనకా చూసి దారి చూపినందువల్ల, తెలియకుండానే వాటన్నిటినీ సమయానికి అందుకున్నాం.