ఊకపొయ్యి యంత్రం

పోయిన నెలలో మా అక్క మనవరాలు నన్ను కారెక్కించుకుని, తను పెట్టిన కొత్త కంపెనీ చూపిస్తానంటూ బెజవాడ బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీకి తీసుకెళ్లింది. రొయ్యల చెరువులో ప్రాణవాయువు తగ్గిపోతుంటే రైతు ఫోనుకి ముందే కబురు పంపే చిన్న పరికరం ఒకటి తనూ తన స్నేహితులూ కలిసి తయారు చేస్తున్నారు. కాలేజీ వాళ్లే అద్దాల గది ఇచ్చి, ప్రయోగశాల వాడుకోనిచ్చి, సలహాలు చెప్పడానికి పెద్దవాళ్లను కూడా ఏర్పాటు చేశారట. అన్నీ తిప్పి చూపించాక, మీ రోజుల్లో ఇలాంటివేమన్నా ఉండేవా చిన్నమ్మమ్మా అని అడిగింది. అది ఒక్క మాటలో చెప్పేది కాదమ్మా అని నవ్వాను గాని, ఆ రోజంతా నా మనసు భవానీపురంలో ఒకప్పుడు మా బావగారు నడిపిన రేకులషెడ్డు దగ్గరే తిరిగింది.

డెబ్బైల తొలి సంవత్సరాల మాట ఇది. రసాయనశాస్త్రం చదివి, బెజవాడకు బస్సు దూరంలో ఉన్న ఒక ప్రభుత్వ పరిశోధన కేంద్రంలో సహాయకురాలిగా చేరాను. ధాన్యంలో తేమ ఎంత ఉందో కొలవడం నా పని. చిన్న డబ్బాల్లో గింజలు పోసి, వేడి పెట్టెలో ఆరబెట్టి, ముందూ వెనకా తూకం వేసి చూసేదాన్ని. వేడెక్కిన వడ్ల వాసన ఇప్పటికీ ఎక్కడన్నా తగిలితే నాకు నా మొదటి ఉద్యోగమే గుర్తొస్తుంది. మన తరం ఆడపిల్లలకు ఉద్యోగమంటే టీచరో, నర్సో. అందులోనూ మా క్రైస్తవ పేటల నుంచి వచ్చిన వాళ్లకు మిషన్ బడో, మిషన్ ఆసుపత్రో. పరిశోధన కేంద్రంలో పని అంటే మా చర్చి అయ్యగారికి కూడా సరిగ్గా అర్థమయ్యేది కాదు, ప్రార్థనలో మాత్రం నా పేరు తప్పకుండా చెప్పేవారు.

మా విభాగానికి పెద్ద ఒక సారు. మాటలు తక్కువ, ఆచారం ఎక్కువ. ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారేజీ ఒక్కరే గదిలో కూర్చుని తినేవారు, బయట మంచినీళ్లు కూడా ముట్టేవారు కాదు. కోతల కాలంలో వాన పడి ఏటా ఎంతో ధాన్యం మొలకెత్తి పాడవుతోందని, ఊక మండించిన వేడితోనే ఆ ధాన్యాన్ని ఆరబెట్టే యంత్రం ఒకటి ఆయన గీసి పెట్టారు. గీత బాగానే ఉంది, చేసేవాళ్లు లేరు. పెద్ద వర్క్‌షాపుల వాళ్లు, ఒక్కటి చేస్తే మాకేం గిడుతుందండీ అని పంపించేశారు. మీకు తెలిసినవాళ్లు ఎవరన్నా ఉన్నారా అని సారు నన్నడిగితే, మా బావగారి పేరు చెప్పాను.

బావగారు అప్పటికి రైల్వేలో ఫిట్టరు. మా అక్క మిషన్ బడిలో పంతులమ్మ. సెలవు పెట్టుకుని వచ్చి ఆ గీత చూసిన బావగారు సాయంత్రం దాకా కదల్లేదు. ఊక పొగ నేరుగా వడ్లలోకి పోతే అన్నం పొగవాసన కొడుతుంది కదా అని ఆయన అడిగితే, సారు కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇద్దరూ కలిసి మధ్యలో ఇనుప గొట్టాలు పెట్టి వేడిగాలి మాత్రమే పైకి పోయేలా గీతను మార్చారు. ఈ యంత్రాలే చేసి అమ్ముదామని ఆ నెలాఖరుకు బావగారు ఉద్యోగం మానేశారు. రైల్వే ఉద్యోగం మానడమంటే ఆ రోజుల్లో ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. అమ్మ ఏడ్చింది, చుట్టాలు వరసగా వచ్చి మందలించారు. అక్క మాత్రం, ఆయన చెయ్యగలడు అంది.

వన్‌టౌన్‌లో ఇనుపకొట్లన్నీ తిరిగి రేకులూ గొట్టాలూ ఏరుకుని, తోపుడుబండి మీద భవానీపురంలో అద్దెకు తీసుకున్న రేకులషెడ్డుకు చేర్చి, బావగారు ఆ యంత్రాన్ని నిలబెట్టారు. మనిషి కంటే ఎత్తయిన ఇనుప పెట్టె, కింద ఊకపొయ్యి, పక్కన గాలి కొట్టే పంకా. నేను ఆదివారాలు ఆరాధన అయ్యాక అక్క ఇంటికి అన్నానికని వెళ్లి, వడ్లు కొలుస్తూ షెడ్డులోనే ఉండిపోయేదాన్ని. కృష్ణ మీంచి గాలి వచ్చినప్పుడల్లా ఊకబూడిద లేచి అందరి నెత్తిన పడేది. చర్చికి కట్టుకున్న తెల్లచీర సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేది.

పని చేస్తే తను ఒకటి కొని, తోటి మిల్లుల వాళ్లకు కూడా చెబుతానన్న రైసుమిల్లు యజమాని ఒకాయన పరీక్ష చూడటానికి వచ్చాడు. ధాన్యం తొందరగానే ఆరింది, అందరం సంతోషపడ్డాం. తీరా ఆ వడ్లు మిల్లాడిస్తే సగానికి సగం నూకలు. ఆయన మర్యాదస్తుడు, మళ్లీ చూద్దాంలెండి అని వెళ్లిపోయాడు. అంతకంటే తిట్టినా బాగుండేదనిపించింది.

కేంద్రంలో మా పైఅధికారి సారుని పిలిచి, గీసి ఇవ్వడం వరకే మన పని, ప్రైవేటు షెడ్లలో కూర్చోవడం మన పని కాదని గట్టిగా చెప్పారు. ఆ మాట నేనే బరువుగా అక్క చెవిన వేశాను. మర్నాడు అక్క బడి మానేసి నాతో పాటు బస్సెక్కి కేంద్రానికి వచ్చింది. సారు గదిలో కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మీకిది కాకపోతే ఇంకో ప్రయోగం ఉంటుందండీ. మాకింక వేరే ఏం లేదు. ఆయన పని చెడగొట్టాడంటే చెప్పండి, వెళ్లిపోతాను" అంది.

సారు బల్ల మీదున్న నూకల్లోంచి పగిలిన గింజ ఒకటి తీసి చూపించారు.

"గింజ పైన ఆరిపోతోందమ్మా, లోపల తడి అలాగే ఉంటోంది. అందుకే పగులుతోంది. అది నా లెక్కలో తప్పు, మీ ఆయన పనిలో కాదు. నేను వస్తాను" అన్నారు.

చెప్పినట్టే వచ్చారు. షెడ్డుకు వెళ్లొద్దన్నది డ్యూటీ వేళల్లో కదా అని, దాచుకున్న సెలవంతా పెట్టేసి, రోజూ బస్సులో భవానీపురం వచ్చేవారు. గింజని ఒక్క ఊపున ఆరబెట్టకూడదని, కాస్త వేడి చూపించి, తీసి కుప్పపోసి, లోపలి తడి పైకి వచ్చేదాకా ఆగి, మళ్లీ వెయ్యాలని వాళ్లిద్దరూ కలిసి తేల్చారు. నూక తగ్గింది గాని యంత్రం నెమ్మదించింది. ఇంత నెమ్మదిగా ఆరబెట్టేదాన్ని ఎవరు కొంటారన్న దిగులు బావగారి మొహంలో కనిపిస్తూనే ఉండేది.

అంతలో వానలు పట్టుకున్నాయి. కూచిపూడి దగ్గర పల్లెలో మా పెదనాన్న కౌలుకు చేసేవాడు. కోసిన పనలు చేలోనే నీళ్లలో మునిగాయని కబురొచ్చింది. వాన తెరిపివ్వగానే బావగారు యంత్రాన్ని లారీలో వేసుకుని బయల్దేరితే, సారు కూడా గొడుగు పట్టుకుని ముందు సీటులో ఎక్కి కూర్చున్నారు, వెనకాలే నేను బస్సులో వెళ్లాను. ఊరంతా బురద, చర్చి ఆవరణ ఒక్కటే మెరకగా ఉంటే అక్కడే పొయ్యి పెట్టారు. పైన చుట్టుపక్కల ఇళ్లన్నింటి నుంచీ తెచ్చిన టార్పాలిన్లు కట్టారు.

తడి పనలు కొట్టి రాల్చిన వడ్లు పెదనాన్న గుప్పిట పట్టి చూపించాడు. అక్కడక్కడా తెల్లటి మొలకలు తలెత్తుతున్నాయి. "పోయింది ఎటూ పోయిందండీ. ఉన్నది మీ చేతిలో పెడుతున్నాను" అన్నాడు సారుతో.

ఒక పక్క ఆరాల్సిన ధాన్యం గోతాల్లో ఎదురుచూస్తూ వేడెక్కుతుంటే, ఇంకోపక్క ఒకసారి ఆరిన కుప్ప దగ్గర చేతులు కట్టుకుని ఆగడమంటే ఎంత కష్టమో అక్కడ తెలిసింది. మంట పెంచుదామని బావగారు, వద్దని సారు, అందరి ముందూ మొదటిసారి గట్టిగా వాదించుకున్నారు. పెంచితే అంతా ఆరుతుంది, అంతా నూకే అవుతుంది, ఆగితే కొంత పోతుంది, మిగిలింది బియ్యమవుతుంది అని సారు. నిర్ణయం పెదనాన్నది. ఆయన గోతాల వంక ఒకసారి చూసి, ఆగుదాం అన్నాడు. బావగారే వంగి మంట తగ్గించారు.

కొంత పోయింది. ఆ గోతాలు చివరికి గొడ్లకే వెళ్లాయి. మిగిలింది మిల్లాడిస్తే కాస్త పసుపు ఛాయగా ఉన్నా నిండు గింజ వచ్చింది. కొత్త బియ్యంతో పెద్దమ్మ అన్నం వండి, పప్పుచారు కాచి, సారుని పిలవాలా వద్దా అని తలుపు చాటున నిలబడి నన్ను సైగతో అడిగింది. నాకూ తెలియలేదు. మా పేటలో అంత ఆచారం పాటించే ఇంటి మనిషి విస్తరి ముందు కూర్చోవడం మేమెవరం చూసి ఎరగం. అరుగు మీద కూర్చున్న ఆయన మా తటపటాయింపు గమనించారేమో, చేతులకంటిన బూడిద కడుక్కుని, లోపలికి వచ్చి పెదనాన్న పక్కన చాప మీద కూర్చుని, "ఆకలేస్తోందమ్మా, పెట్టండి" అన్నారు. ముద్ద నోట్లో పెట్టుకుని, పొగవాసన లేదు కదయ్యా అని బావగారిని చూసి నవ్వారు. బావగారు తలొంచుకుని తింటూనే కళ్లు తుడుచుకున్నారు.

ఆ కబురు ఊళ్లు దాటి వెళ్లింది. మిల్లు యజమాని తనంతట తనే వచ్చి ఒకటి చేయించుకున్నాడు, ఆ తర్వాత సహకార సంఘాల వాళ్లు కొందరు వచ్చారు. కేంద్రం వాళ్లు కూడా మెత్తబడి, వారానికొక రోజు మేము షెడ్డుకు వెళ్లొచ్చని అనుమతిచ్చారు. అయినా ఆ యంత్రాలేమీ దేశాన్ని ముంచెత్తలేదు, ఎండ బాగా కాసిన ఏడు వాటి ఊసెత్తేవాళ్లే ఉండేవాళ్లు కాదు. బావగారు అదే షెడ్డులో పసుపు ఉడికించే బానలూ, మిల్లులకు కావలసిన సామానూ చేస్తూ పిల్లల్ని చదివించారు, ఏ చిక్కొచ్చినా సారు దగ్గరికి పరిగెత్తేవారు. సారు బదిలీ అయిపోయాక ఇద్దరూ ఎన్నిసార్లు కలుసుకున్నారో గాని, ఆయన పోయారని తెలిసిన రోజు బావగారు షెడ్డు తెరవలేదు. ఇప్పుడు బావగారూ లేరు. షెడ్డు ఉన్న చోట అపార్టుమెంట్లు లేచాయి.

ఈ కాలం పిల్లలకు దొరుకుతున్న ఆదరణ చూస్తే నాకు నిజంగా ముచ్చటేస్తుంది. ఎవరూ రైల్వే ఉద్యోగం వదులుకుని అమ్మను ఏడిపించక్కర్లేదు, ఎవరూ సొంత సెలవులు తగలేసుకోనక్కర్లేదు. అన్నిటికీ ఒక పద్ధతి ఏర్పడింది, అది మంచిదే. కాకపోతే, మీకు సలహాలు చెప్పే పెద్దాయన ఎలాంటి మనిషి అని మా మనవరాలిని అడిగితే, గురువారాల్లో అరగంట కంప్యూటర్ తెరమీద మాట్లాడతారు చిన్నమ్మమ్మా, చాలా తెలివైనవారు, ఇంకా ఎదురుగా చూడలేదు అంది. ఆ పిల్ల గొంతులో లోటేమీ లేదు. తనకు తెలియని లోటు గురించి నేనెందుకు చెప్పాలని ఊరుకున్నాను.