అమ్మ కాళ్ళు పట్టుకున్నదెవరు?

అరకిలో పసుపుతో కారు రిపేరు చేసిన మొనగాణ్ణి నేను. కోదాడ మొత్తంలో అలాంటివాడు ఇంకొకడుంటే చూపించండి, టీ నేనే తాగిస్తాను. ఆ తెలివి ఎక్కడికి తీసుకెళ్ళిందో చెప్పే ముందు ఒక మాట. దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మాది కిరాణా కొట్టు. సరుకు అప్పు తీసుకుని మాయమైనవాళ్ళను చూశాను గానీ, గాలిలోంచి ప్రత్యక్షమైనవాళ్ళను ఒక్కరినీ చూడలేదు.

గొడవంతా మా పాత కారుతో వచ్చింది. ముందు ఎడమ సీట్లో కాళ్ళు పెట్టుకునే చోట మ్యాటు తడిగా ఉంటోంది. లోపల బెల్లం పాకం లాంటి తీపి వాసన. ముందు అద్దం మీద ఎంత తుడిచినా పోని జిడ్డు మసక. సరుకు కోసం సూర్యాపేట వెళ్ళినప్పుడు మెకానిక్ సైదులుకు చూపించాను. డాష్‌బోర్డు వెనక ఇటుకంత చిన్న రేడియేటర్ ఉంటుందట, దాన్ని హీటర్ కోర్ అంటారట. ఇంజన్‌లో కాగిన నీళ్ళు అందులోంచి తిరుగుతాయి. దానికి చిల్లి పడింది.

"హీటరా? మన ఎండలకు మనమే హీటర్లం గదా," అన్నాను.

"గందుకే కొత్తది ఒద్దంటున్న సేటూ. డాష్‌బోర్డు మొత్తం ఇప్పాలె, ఖర్చయితది. ఆ రెండు పైపులు లోపలికి పోకుండ ఇంజన్ కాడనే కలిపేస్త. పన్నెండొందలియ్యి, ఖతం."

ఏడొందలన్నాను. అతను పన్నెండొందల దగ్గరే ఉన్నాడు. మా కొట్టు దగ్గర బేరమాడేవాళ్ళు చేసే పనే నేనూ చేశాను. "సరే, మళ్ళొస్తా" అని వెనక్కి తిరిగాను. పిలుస్తాడని అడుగులు చిన్నచిన్నగా వేశాను. తాళంచెవి కింద పడేసుకుని, వంగి, తీరిగ్గా తీసుకున్నాను. సైదులు పిలవలేదు. ఇంకో బండి కింద దూరాడు. మళ్ళీ నేనే వెళ్ళి అడిగితే పరువేముంటుంది?

హైవే మీద రేడియేటర్ కారితే లారీ డ్రైవర్లు అందులో పసుపు పోస్తారు. పొడి వెళ్ళి చిల్లిలో ఇరుక్కుంటుంది. ఎంతమందికి నేనే అమ్మాను! ఆ సాయంత్రం ఇంజన్ చల్లారాక కొట్లో లూజు పసుపు అరకిలో తూచి, నీళ్ళలో కలిపి రేడియేటర్‌లో పోశాను. మ్యాటు ఆరిపోయింది. ఆ తర్వాత కొన్ని వారాలపాటు ఉప్పు ప్యాకెట్టుకు వచ్చినవాడికి కూడా నా రిపేరు సంగతి చెప్పి పంపాను.

మా అమ్మకు చాలా ఏళ్ళుగా షుగర్. పాదాల్లో స్పర్శ లేదు. నిరుడు పొయ్యి మీంచి దించిన గిన్నెకు కాలు ఆనించి, పక్కనున్నవాళ్ళు అరిచేదాకా తెలుసుకోలేదు. ఆ పుండు మానక చివరికి చిటికెన వేలు తీసేశారు. ఇంకోసారి కాలితే వేలితో ఆగదని మిర్యాలగూడ డాక్టరు నన్ను పక్కకు పిలిచి మరీ చెప్పాడు. దానికి తోడు మోకాళ్ళ నొప్పులు. కాళ్ళు ముడిచి కూర్చోవడం ఎప్పుడో మానేసింది. ఇదంతా తెలిసీ, చెకప్‌కు వెళ్ళే రోజు, ఆమెను ఆ సీట్లోనే కూర్చోబెట్టాను.

పగటిపూట, మంచి ఎండ. పెట్రోలు కలిసొస్తుందని ఏసీ వేయలేదు, అద్దాలు దించాను. నేరేడుచర్ల దాటాక రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోసి ఉంటే బండి నెమ్మది చేశాను.

"ఏందిరా, నా కాళ్ళెందుకు పట్టుకుంటున్నవ్?" అంది అమ్మ.

"నా చేతులు రెండూ స్టీరింగ్ మీదున్నయమ్మా. నీ కాళ్ళు పట్టుకునేటంత తప్పు ఇంకా బయటపడలే."

ఆమె నవ్వలేదు. "ఒదులు. సల్లగున్నయ్. గరుకు చేతులు."

తిరిగి చూశాను. మడమల దగ్గర పట్టి ఎవరో ఎత్తినట్టు ఆమె పాదాలు రెండూ ఒక్కసారే పైకి లేచాయి. మోకాళ్ళు ముడుచుకుని సీటు మీదికి వచ్చాయి. చెప్పులు కిందే ఉండిపోయాయి. ఆమె చేతులు ఒళ్ళోని సంచి మీద ఉన్నాయి. నేను చూసింది ఇంతే, ఒక్క రవ్వ కూడా కలపలేదు.

ఆ వెంటనే ముందు అద్దం తెల్లబడింది. డాష్‌బోర్డు కింద బుస్సుమంది. పొగలు కక్కే పసుపు నీళ్ళు ఆమె చెప్పుల మీద ధారగా పడ్డాయి.

బ్రేకు వేసేసరికి ఎడమ చక్రాలు వడ్లలోకి వెళ్ళాయి. కాపలా ఉన్న ఆమె కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఏం సారూ, కార్ల పప్పు ఉడకబెడుతున్నవా? నా వడ్లే దొరికినయా?"

లోపల అమ్మను చూసి కర్ర పారేసింది. ఇద్దరం కలిసి దించాం. ముడిచిన కాళ్ళు ఎంతకూ చాపుకోలేక అమ్మ నొప్పితో ఏడ్చింది. రోడ్డు మీద కూర్చుని అప్పుడు నిజంగానే ఆమె కాళ్ళు పట్టుకున్నాను. వేళ్ళ సందులు కూడా వెతికాను. ఒక్క చుక్క పడలేదు.

షేర్ ఆటోలో మిర్యాలగూడ చేరాం. డాక్టరు ఆమెను కళ్ళు మూసుకోమని అరికాళ్ళకు సన్నటి తీగ ఆనించాడు. ఎక్కడ ఆనించినా తెలియడం లేదంది. చేతుల సంగతి చెప్పాను. దెబ్బతిన్న నరాలు అప్పుడప్పుడు లేని చలి, లేని మంట చూపిస్తాయన్నాడు. సరే, ఒప్పుకున్నాను. మరి మోకాళ్ళెలా ముడుచుకున్నాయి? సరిగ్గా అప్పుడే ఎందుకు? ఆయన తర్వాతి పేషెంటును పిలిచాడు.

బండిని లాగించి సూర్యాపేట చేర్చాను. సైదులు డాష్‌బోర్డు విప్పి హీటర్ కోర్ నా చేతిలో పెట్టాడు. లోపల పసుపు గడ్డకట్టి ఉంది, ఒక పక్క నిలువునా చీలింది.

"ముందుగాల ఆవిరి తగిలి అమ్మ కాళ్ళు గుంజుకుందేమో సేటూ."

"ఆవిరి చల్లగుంటదా?" అన్నాను. అతను బిల్లు రాయడం మొదలుపెట్టాడు.

అప్పటి నుంచి నాకు స్థిమితం లేదు. కొట్టు మూసే ముందు వెళ్ళి చెప్పులు విడిచి ఆ సీట్లో కూర్చుంటాను. ఏమీ తగలదు. బండి నడుపుతుంటే కళ్ళు ఎడమవైపు కిందికే పోతాయి. ఎవరి చేతులని అమ్మను అడిగీ అడిగీ తిట్లు తిన్నాను.

"మొకం కనపడలే. పట్టుకున్నరు, ఎత్తిన్రు. నువ్వు జర రోడ్డు సూసి నడుపు."

ఇంతవరకు నాకు జవాబు దొరకలేదు. లెక్క మాత్రం చెప్పగలను. కొత్త కోర్ మూడువేల రెండొందలు. డాష్‌బోర్డు విప్పి బిగించిన కూలి నాలుగువేలు. రేడియేటర్ రెండుసార్లు కడిగినందుకు పదిహేనొందలు, పైపులు ఎనిమిదొందలు, ఇంజన్ నీళ్ళలో కలిపే కూలెంట్ తొమ్మిదొందలు. కారును లాగిన బండికి మూడున్నర వేలు, లోపల కడిగించినందుకు ఆరొందలు. వడ్లామె నష్టం అడగలేదు, అయినా మూడొందలిచ్చాను. పసుపు కొన్న ధరకే వేసుకుంటే డెబ్బై. మొత్తం పద్నాలుగువేల ఎనిమిదొందల డెబ్బై. ఆ రోజు సైదులుతో బేరం తెగనిది ఐదొందల దగ్గర. అమ్మ రెండు కాళ్ళ మీద నడుస్తోంది. అది ఎవరి ఖాతాలో రాయాలో తెలియక ఈ మొత్తంలో కలపలేదు.