మంచుదీవిలో మొదటి చేప

ఆ రోజుల్లో పోర్ట్‌బ్లెయిర్ కుర్రకారుకి కంప్యూటర్ ఆట అంటే కార్లు గుద్దుకోవాలి, లేదా తుపాకులు పేలాలి. నేను మాత్రం డిగ్నాబాద్ కంప్యూటర్ సెంటర్లో ఎవరూ ముట్టని ఒక ఆటకి అతుక్కుపోయాను. (డిగ్రీ చదువుతూ అక్కడే ఫారాలు టైపు చేసేదాన్ని, టైపు తక్కువ, ఆట ఎక్కువ.) పడవ మునిగి మంచుదీవులకి కొట్టుకొచ్చిన ఒక పిల్ల, తప్పిపోయిన అన్నని వెతుక్కుంటూ పోతుంది. కట్టెలేరాలి, చేపలు పట్టాలి, మంట ఆరకుండా చూసుకోవాలి. దీవికొకటి చొప్పున అన్న రాసిన చీటీ దొరుకుతుంది. "ఇందులో ఏముంది దీదీ, బస్, నడవడమేగా" అనేవాడు సెంటర్ నడిపే భయ్యా. "నడిచి చూడు, నీకే తెలుస్తుంది" అనేదాన్ని. ఆ చీటీల కోసం మధ్యాహ్నాలు అన్నం మానేశాను.

అది సెంటర్‌కి ఆఖరి రోజు. భయ్యా దాన్ని మూసేసి, కంప్యూటర్లతో సహా మర్నాటి ఓడకి వైజాగ్ వెళ్ళిపోతున్నాడు. నాకింకా ఒక్క దీవి మిగిలింది. అన్న బతికున్నాడో లేదో అక్కడే తేలాలి. సరిగ్గా అప్పుడే మా నాన్న, వేట నుంచి నేరుగా, ఉప్పు లుంగీతో నన్ను ఇంటికి లాక్కెళ్ళడానికి ఊడిపడ్డాడు. శ్రీకాకుళం తీరం నుంచి వలతో వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. తెరమీద సముద్రం కనబడగానే తిట్లు మరిచిపోయి స్టూలు లాక్కున్నాడు. "గాలికెదురుగా మంటెడతందేటే, ఎర్రిది! ఆ రాయెనక్కి జరగమను." జరిపాను. మంట నిలబడింది! ఆయన మీసం దువ్వుకున్నాడు.

అంతలో పిల్లకి చేప పడింది. నాన్న చెయ్యి నా భుజం మీద పడింది.

"ఒగ్గీయ్."

"ఏంటి, వదిలెయ్యాలా?"

"కొత్త నీల్లల్లో మొదటి సేప గంగమ్మతల్లిది. తినీకూడదు. ఒగ్గీయ్."

"ఇది ఆట నాన్నా! ఇందులో గంగమ్మ లేదు. పిల్ల ఆకలికి చస్తుంది."

"నీల్లున్నాయి కదేటి? నీల్లున్నకాడ తల్లుంటాది."

"అంకుల్, యే గేమ్ హై" అని భయ్యా బతిమాలాడు.

"నువ్వూరుకో బాబూ. దీనన్న కూడా ఆ నీల్లమీదే ఉన్నాడు కదా."

ప్రిన్సిపాల్‌తోనే వాదించి గెలిచినదాన్ని. ఆ మాటకి మాత్రం లొంగిపోయి చేపని వదిలేశాను. గంగమ్మ బదులు మంచుతుఫాను వచ్చింది. ఇంకో చేప పడలేదు. పిల్ల మంట పక్కనే ఒరిగిపోయింది. (చస్తే మళ్ళీ మొదటి దీవి నుంచే, ఆ ఆట నియమం అంత నిర్దయ.) లంబాలైన్‌లో మా ఇంటి దాకా దారి పొడుగునా ఆయన్ని సాధించాను. "మల్లీ ఆడుకుందువులే, ఏటయిపోద్ది" అన్నాడాయన. మర్నాడు ఓడ వెళ్ళిపోయింది.

నాన్న పోయాక చాన్నాళ్ళకి, మొన్న నా లాప్‌టాప్‌లోకి ఆ ఆట దొరికింది. సెలవులన్నీ తగలేసి చివరి దీవికి చేరాను. చేప పడింది. భుజం మీద చెయ్యి లేదు; తినిపించేస్తే అన్న సంగతి తేలిపోతుంది. అయినా చేపని నీళ్ళలోకి వదిలేశాను. "మమ్మీ, పాగల్ హో క్యా? ఆ పిల్ల చచ్చిపోతుంది!" వెనకనుంచి మా అమ్మాయి అరిచింది.

"మల్లీ ఆడతాన్లే" అన్నాను, "ఏటయిపోద్ది."